మోతుకుపేట సముద్రం

రాష్ట్రస్థాయి సామూహిక ఉద్యానవనాల పోటీలో మోతుకుపేట మున్సిపాలిటీ ‘సముద్ర తీర పట్టణాలు’ విభాగంలో బరిలోకి దిగుతోందని చైర్మన్ నర్సన్న గారు ప్రకటించగానే టౌన్‌హాలు చప్పట్లతో మారుమోగిపోయింది. చప్పట్లు ఆగాక కూడా సముద్రం ఎక్కడుందని ఒక్కరూ అడగలేదు. మోతుకుపేట ప్రజల సంస్కారం అలాంటిది.

మోతుకుపేట కోరుట్ల నుంచి కథలాపూర్ పోయే దారిలో ఉంటుంది. అక్కడి నుంచి సముద్రం చూడాలంటే రాత్రంతా బస్సులో కూర్చుని, తెల్లారాక ఇంకో బస్సెక్కాలి. ఊరికి ఉన్న జలసంపదల్లా ఊరి చివర ఒక కుంట. వానలు మంచిగా పడిన ఏడు అందులో సంక్రాంతి దాకా నీళ్లుంటాయి. పడని ఏడు వినాయకుల నిమజ్జనానికి ట్యాంకర్ తెప్పించాలి. అయినా దూరదృష్టి గల నాయకుడికి ఇవన్నీ చిన్న విషయాలు.

“చిన్న పట్టణాల విభాగంల పోటీ పడుదమంటె జిల్లాకు పదిమంది లైన్ల నిలవడ్డరు,” నర్సన్న గారు మైకును దగ్గరికి లాక్కుని వివరించారు. “అడవి పట్టణాల విభాగంల అడవోళ్లు ఉన్నరు. సముద్రం విభాగంల ఎవ్వడన్న ఉన్నడా? ఒక్కడు లేడు! బస్సుల సీటు ఖాళీగ కనవడ్డంక కిటికీలకెల్లి రుమాలు ఎయ్యనోడు ఏం నాయకుడు?”

మళ్లీ చప్పట్లు.

పోటీ నియమాలను పరాయి దేశం నుంచి తెప్పించి యథాతథంగా అనువదించారనీ, అందులోంచి సముద్రాన్ని తీసేసే అధికారం ఏ స్థాయిలోనూ లేకపోవడంతో అది అలాగే ఉండిపోయిందనీ కమిషనర్ ప్రకాశ్ గారు వినయంగా తెలియజేశారు. ఆయన హైదరాబాద్ నుంచి వచ్చిన యువ అధికారి. చైర్మన్ ఏం చెప్పినా ముందు “నోటెడ్ సార్” అనేవారు, తర్వాత ఆలోచించేవారు. ఆలోచించడానికి సాధారణంగా టైం దొరికేది కాదు.

“సరే, ఇగ పని మాట్లాడుదం,” అన్నారు నర్సన్న గారు. “మీల సముద్రాన్ని దగ్గరికెల్లి సూసినోళ్లు ఎవరన్న ఉన్నరా?”

గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్లు హాల్లో సగం మంది ఉన్నారు. కానీ వాళ్లలో చాలామంది సముద్రాన్ని విమానం కిటికీలోంచే చూశారు. దిగాక బస్సు వాళ్లను ఎడారిలో క్యాంపుకు తీసుకుపోయింది. వెనక వరసలో కూర్చున్న జలపతి సంగతి వేరు. అతను మస్కట్‌లో సముద్రం ఒడ్డున ఉన్న పార్కుల్లో గడ్డికీ పూలకూ నీళ్లు పట్టే పని చేశాడు. ఏళ్ల తరబడి చేసి, నడుం పట్టేస్తే కిందటేడు ఇంటికి వచ్చాడు. వచ్చిన కొత్తలో అందరూ సెంటు సీసాల కోసం పలకరించారు. సీసాలు అయిపోయాక పలకరింపులూ అయిపోయాయి. ఈమధ్య హోటల్లో అతని ముందే అతని గురించి “గా మస్కటాయన ఉండెగద, ఎటు పోయిండు?” అని ఎవరో అడిగారు. అందుకే చైర్మన్ ప్రశ్న వినగానే అతని చెయ్యి దానంతటదే సగం లేచింది. రాజకీయాల్లో సగం లేచిన చెయ్యి చాలు.

“పేరేంది తమ్మీ?”

“జలపతి సార్.”

“జలపతి!” నర్సన్న గారు ఒక్క క్షణం కళ్లు మూసుకున్నారు. “సూసిండ్రా! పేరుల్నే సముద్రం పెట్టుకొని పుట్టిండు.”

అక్కడికక్కడే అతన్ని మున్సిపాలిటీకి గౌరవ సముద్ర సలహాదారుగా నియమించి శాలువా కప్పారు. ఎండ మండుతున్నా జలపతి ఆ శాలువా తీయకుండానే ఇంటికి నడిచాడు. దగ్గరి దారి వదిలి, హోటల్ ముందు నుంచి నడిచాడు.

అతని భార్య రాధ గడపలో కూర్చుని తోటకూర కట్టలు కడుతోంది. శాలువా చూసి, “పెండ్లికి పోయినవా?” అంది.

“నన్ను సముద్ర సలహాదారును చేసిండ్రు.”

“ఏ సముద్రానికి?”

“గదింక జాగ సూడలే.”

జాగ మర్నాడే చూశారు.

కుంట పక్కన ఉన్న ఆ జాగ ఒకప్పుడు ఊరి చెత్తకుప్ప. కాలనీలో ఉండే రూతమ్మ కూలి దొరకని రోజుల్లో ఒక పార పట్టుకుని అక్కడ ప్లాస్టిక్, సీసా పెంకులు ఏరడం మొదలుపెట్టింది. ఎందుకే అని అడగడానికి పోయిన రాధ తానూ కొంగు బిగించింది. ముసలి రాజవ్వ వచ్చింది, ఆమె వెనక ఇంకొందరు వచ్చారు. ఇప్పుడక్కడ తోటకూర, పాలకూర, బెండ, బీర, మిర్చి పండుతున్నాయి. ఎవరి మడి వాళ్లదే, కానీ కలుపు అందరిదీ. ఇంటికి పోను మిగిలింది అంగట్లో అమ్ముకుంటున్నారు. ఆ తోటకు పేరు లేదు, బోర్డు లేదు, ప్రారంభోత్సవం కాలేదు. కాబట్టి అధికారికంగా అక్కడ ఏమీ లేదు.

“సూడుండ్రి కమిషనర్ సాబ్,” అన్నారు నర్సన్న గారు బెండ మొక్కల నడుమ నిలబడి. “ఇసొంటి ఖాళీ జాగ ఇంకెక్కడన్న దొరుకుతదా?”

“ఖాళీ లేదు సార్. మొక్కలున్నాయి,” ప్రకాశ్ గారు పొరపాటున ముందే ఆలోచించారు.

“మొక్కలే గద ఉన్నయ్. జాగ ఖాళీగనే ఉన్నది.”

“నోటెడ్ సార్.”

రూతమ్మ చేతికంటిన మట్టి చీరకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. “సారూ, గిది మా తోట. మేం పదిమంది కలిసి పెట్టుకున్నం.”

నర్సన్న గారి మొహం ఆప్యాయతతో వెలిగిపోయింది. “పదిమంది కలిసి పెట్టుకున్న తోటల పోటీనే గిది, అవ్వా! మీ అసొంటోళ్ల కోసమే ఇంత కష్టపడుతున్నం. జర పక్కకు జరుగు, జేసీబీ అస్తున్నది.”

రాధ జలపతి వైపు చూసింది. జలపతి గొంతు సవరించుకుని, చైర్మన్ తనకు చెప్పిన మాటనే ఆడవాళ్లకు చెప్పాడు. “పోటీ అయ్యేదాకనే అక్కా. అయిపోంగనే మీ జాగ మీకే ఇస్తరు.” చెప్పి, జేసీబీ నంబరు ప్లేటును చాలాసేపు చదివాడు. బీర పందిరి కూలిన చప్పుడు పెద్దదేం కాదు. కర్రలు కదా.

ఆ సాయంత్రానికే వెల్గటూర్ వైపు గోదావరి నుంచి ఇసుక ట్రాక్టర్లు బారులు తీరాయి. ఇసుక సరఫరా బాధ్యతను చైర్మన్ గారి బామ్మర్ది భుజానికెత్తుకున్నారు. టెండరు పిలవక ముందే ఎత్తుకున్నారంటే ఆయన సేవాభావం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. కొబ్బరి చెట్లను లారీలో పడుకోబెట్టి తెచ్చి, నిలబెట్టి, పడిపోకుండా తాళ్లతో కట్టారు. వారం తిరక్కుండానే మోతుకుపేటకు బీచ్ వచ్చింది.

ఇంట్లో జలపతి కంచం ముందు కూర్చున్నాడు. అన్నం ఉంది, పచ్చిపులుసు ఉంది.

“కూరేది?”

“సముద్రంల మునిగింది,” అంది రాధ.

అప్పటి నుంచి ఆమె అతనితో అవసరమైన మాటలే మాట్లాడింది. అవసరమైన మాటలు చాలా తక్కువుంటాయని జలపతికి అప్పుడే తెలిసింది.

బీచ్ వచ్చింది కానీ సముద్రం రాలేదు. కుంట ఎండి నెర్రెలు విచ్చి ఉంది. ట్యాంకర్లతో నింపుదామంటే తాగడానికే ట్యాంకర్లు చాలడం లేదు. నర్సన్న గారు అత్యవసర సమావేశం పెట్టి, “మీటర్ల లెక్కన సముద్రం ఎక్కడ దొరుకుతది?” అని అడిగారు. అది హాస్యం కాదు, పరిపాలన. “సిరిసిల్లలో సార్,” అన్నారు ప్రకాశ్ గారు.

సలహాదారు హోదాలో జలపతి సిరిసిల్ల బస్సెక్కాడు. మరమగ్గాల షెడ్డు నడిపే సాయన్న కుర్చీ చూపించి, “ఏం నెయ్యాలె అన్నా? పార్టీ జెండలా, బడిపిల్లల బట్టలా, చీరెలా?” అని అడిగాడు.

“సముద్రం.”

మగ్గాల చప్పుడులో బతికిన మనిషి సాయన్న. చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్లీ చెప్పించుకున్నాడు. విన్నాక ఆశ్చర్యపోలేదు. సర్కారు ఆర్డర్లకు ఆశ్చర్యపోయేవాడు మగ్గాలు నడపలేడు.

“ఎంత పొడుగు?”

“ఈ ఒడ్డుకెల్లి సూస్తె ఆ ఒడ్డు కనవడొద్దు.”

“రంగు?”

జలపతి చూసిన సముద్రానికి ఒక్క రంగు కాదు. మస్కట్‌లో పొద్దు పొడవక ముందే పైపు పట్టుకుని నిలబడేవాడు. అప్పుడు సముద్రం బూడిద రంగులో ఉండేది. ఎండెక్కుతుంటే ఆకుపచ్చ, నడిపొద్దుకు కళ్లు చెదిరే నీలం. ఆ నీలాన్ని వీడియో కాల్‌లో రాధకు చూపించేవాడు. ఆమె ఇటు నుంచి ఫోను తిప్పి తన పాలకూర మడి చూపించేది. “నీ సముద్రంల ఏమన్న పండుతదా?” అని నవ్వేది. పరాయివాళ్ల పూలకు నీళ్లు పడుతూ, ఆ మడి పక్కన ఒక పీట వేసుకుని కూర్చోవడం తప్ప తనకింకేమీ అక్కర్లేదని అప్పట్లో అనుకునేవాడు.

“నీలం. కిందికెల్లి జర ఆకుపచ్చ తగలాలె,” అన్నాడు.

“రెండు రంగులైతె రేటు కలువదు. ఒక్కటి చెప్పు.”

“అయితె నీలమే.”

“అంచు ఉండాల్నా?”

“సముద్రానికి అంచేంది?” అన్నాడు కానీ జలపతికి వెంటనే గుర్తొచ్చింది. “ఆఁ, ఉంటది. తెల్లగుంటది. నురుగు.”

“జరీ ఎయ్యాల్నా?”

“వద్దు.”

“ఎండల మెరుస్తది అన్నా. సముద్రం మెరువదా ఏంది?”

మెరుస్తుంది. జలపతి ఒప్పుకోక తప్పలేదు. అలా మోతుకుపేటకు జరీ అంచు సముద్రం వచ్చింది.

న్యాయనిర్ణేతగా హైదరాబాద్ నుంచి శ్రీలత గారనే అధికారిణి వచ్చిన రోజున ఊరంతా ఫ్లెక్సీలు. బీచ్ మధ్యలో ఎత్తుగా మంచె కట్టి ‘వ్యూ పాయింట్’ అని రాశారు. సామూహిక తోట కాబట్టి సమూహం కూడా ఉండాలని నిబంధన ఉంది. అందుకని తోట పోగొట్టుకున్న ఆడవాళ్లనే పిలిచి, అందరికీ ఒకే రంగు చీరలు కట్టబెట్టి, చేతికో ప్లాస్టిక్ నీళ్ల డబ్బా ఇచ్చారు. డబ్బాల్లో నీళ్లు లేవు. మేడం చూసినప్పుడల్లా ఇసుకకు నీళ్లు పోస్తున్నట్టు వంగాలి. రూతమ్మ వంగలేదు. డబ్బా నెత్తిన బోర్లించుకుని నీడ చేసుకుంది.

సముద్రాన్ని కుంట నిండా పరిచారు. మున్సిపల్ సిబ్బంది కట్ట చాటున పడుకుని అంచులు పట్టి ఊపుతున్నారు. అలల డ్యూటీకి షిఫ్టులు వేశారు.

శ్రీలత గారు మంచె మీద నిలబడి చాలాసేపు చూశారు. “ఆ కుక్క సముద్రం మీద నడుస్తోందేమిటి?”

“అక్కడ లోతు తక్కువ మేడం,” అన్నారు ప్రకాశ్ గారు.

“అలలకు చప్పుడు లేదు.”

“మాది శాంతియుత పట్టణం మేడం,” అన్నారు నర్సన్న గారు.

“ఉప్పు గాలి కూడా రావడం లేదు.”

“టెండర్ దశల ఉన్నది మేడం.”

ఆమె తల ఊపి, సముద్ర సలహాదారుతో ఒంటరిగా మాట్లాడాలన్నారు. జలపతి కొబ్బరి చెట్ల దగ్గరికి ఆమె వెంట నడిచాడు. ఏం చెప్పాలో చైర్మన్ అతనికి పొద్దుటి నుంచి బట్టీ పట్టించారు. ఆటుపోట్లు, చేపలు, ఓడలు. కానీ నడుస్తుంటే ఇసుకలో అతని చెప్పుకు ఒక ఎండు తీగ చుట్టుకుంది. బీర తీగ. వంగి విడదీసుకుని లేచేసరికి బట్టీ పట్టిందంతా పోయింది.

“మేడం, ఇక్కడ సముద్రం లేదు,” అన్నాడు.

“తెలుసు,” అన్నారు శ్రీలత గారు. “నాకు కళ్లున్నాయి.”

జలపతి విడదీసిన తీగను కింద పడేశాడు.

“చూడండి, ఈ విభాగంలో ఒక్క ఎంట్రీ అయినా రాకపోతే విభాగం ఎత్తేస్తారు. విభాగం ఎత్తేస్తే మా సెక్షన్ ఎత్తేస్తారు. మీ ఊరు వచ్చింది కాబట్టి మేమున్నాం. ఇంకేమైనా చెప్పాలా?”

“ఈ ఇసుక కింద తోట ఉండె మేడం. నిజం తోట. మా ఆడోళ్లు పదిమంది కలిసి పెట్టిండ్రు. మీరు సూడనీకి అచ్చింది గసొంటి దాన్నే.”

ఆమె కాళ్ల కింది ఇసుక వైపు చూశారు. “ఏ విభాగంలో అప్లై చేశారు?”

“విభాగం తెల్వదు మేడం. కూరగాయలు పండిచ్చిండ్రు.”

“అప్లై చేయని తోటను నేను చూడకూడదు. రూల్స్ ఒప్పుకోవు.” కొంచెం ఆగి, గొంతు తగ్గించి అడిగారు. “పాలకూర కూడా ఉండేదా?”

“ఉండె మేడం. మస్తుండె.”

“హైదరాబాద్‌లో ఆకుకూరలు బాగుండవు,” అంటూ ఆమె కారెక్కారు.

ఆ పూట రాధ అతని కంచంలో పచ్చిపులుసుతోపాటు ఒక ఉల్లిగడ్డ పెట్టింది. “మేడంకు చెప్పినవట గద?”

“చెప్పిన.”

“ఏమన్నది?”

“మనకు విభాగం లేదట.”

చాలా రోజుల తర్వాత రాధ అతను తినేదాకా పక్కన కూర్చుంది.

ఆ విభాగంలో ఉన్న ఒకే ఒక్క పట్టణమైన మోతుకుపేటకు రెండో బహుమతి వచ్చింది. మొదటి బహుమతికి తగిన స్థాయిలో అలలు లేవని కమిటీ అభిప్రాయపడింది. అయినా నర్సన్న గారిని గుర్రబ్బగ్గీలో ఊరేగించారు. గంగను తెచ్చిన భగీరథుడు, సముద్రాన్ని తెచ్చిన నర్సన్న అని ఫ్లెక్సీలు వెలిశాయి. సముద్రాన్ని మాత్రం మడతపెట్టి గోదాములో భద్రపరిచారు.

ఊరేగింపు ముగిశాక ఆడవాళ్లు చైర్మన్ ఛాంబర్‌కు వెళ్లారు. జలపతి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“పోటీ అయింది గద సారూ. మా జాగ మాకియ్యుండ్రి,” అంది రూతమ్మ.

“గదిప్పుడు బీచ్ అయింది గదవ్వా,” అన్నారు నర్సన్న గారు బాధగా. “బీచ్ అంటె ప్రజల ఆస్తి. ప్రజల ఆస్తిల మీకు తోట ఎట్లిస్త?”

“మేం ప్రజలం కాదా?”

“మీరు పదిమందే గద.”

“సార్, వాళ్లకు మాటిచ్చిండ్రు,” అన్నాడు జలపతి తలుపు దగ్గర నుంచి. “మీ మాటనే నేను చెప్పిన.”

నర్సన్న గారు అతని వైపు మెచ్చుకోలుగా చూశారు. “మంచిగ చెప్పినవ్ తమ్మీ. గందుకే వాళ్లు లొల్లి చెయ్యకుంట జరిగిండ్రు.”

జలపతి ఆ రోజు శాలువా తీసి పెట్టెలో పెట్టాడు. ఛాయ్ హోటల్ వైపు పోలేదు. బీచ్ చుట్టూ కంచె వేశారు. గేటు పెట్టి, టికెట్ పెట్టి, వాచ్‌మన్‌ను పెట్టారు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుర్రకారు వచ్చి ఎండిపోతున్న కొబ్బరి చెట్ల కింద సెల్ఫీలు దిగి పోయేవాళ్లు. రాధ, రూతమ్మ కంచె బయటి నుంచి చూసి కూలికి పోయేవాళ్లు.

ఇంతలో మోతుకుపేట కీర్తి ఇంకో శాఖకు పాకింది. సముద్ర తీర పట్టణాల జాబితాలో కొత్త పేరు కనబడగానే విపత్తుల శాఖ వాళ్లు ఒక ఇంజనీరును, ఒక పెద్ద సైరన్‌ను పంపారు. బీచ్ పక్కన స్తంభం వేసి సైరన్ బిగించాక ఇంజనీరు నియమాలు చదివి వినిపించాడు. సైరన్ మోగితే సునామీ వస్తున్నట్టు లెక్క. అందరూ వెంటనే ఎత్తయిన చోటికి పోవాలి. సముద్రం వెనక్కి తగ్గిందని స్థానిక సముద్ర అధికారి ధ్రువీకరించే దాకా ఎవరూ కిందికి దిగరాదు.

“మీ ఊళ్లో సముద్రానికి అధికారి ఎవరు?”

అందరూ జలపతి వైపు చూశారు. ఇంజనీరు చూపించిన చోట అతను సంతకం పెట్టాడు.

నర్సన్న గారు రిబ్బన్ కత్తిరించి సైరన్‌ను జాతికి అంకితం చేశారు. తర్వాత ఇంజనీరును పక్కకు పిలిచి, “మరి నిజంగ అస్తదా?” అని అడిగారు.

“రాదని మేం గ్యారంటీ ఇవ్వలేం సార్,” అన్నాడు ఇంజనీరు. ఏ శాఖకైనా అదే జాగ్రత్తగల జవాబు.

నర్సన్న గారు చాలా సేపు కుంట వైపు చూశారు. ఆ రోజే తన పడకను పై అంతస్తుకు మార్పించారు.

సోమవారం పొద్దున కౌన్సిల్ సమావేశం. బీచ్‌ను ఊరి శ్మశానం దాకా విస్తరించాలన్న తీర్మానం మీద చర్చ జరుగుతోంది. ఆ సమయంలో ఒక కోతి సైరన్ స్తంభం ఎక్కి, తినడానికి ఏమీ దొరక్క వైరు పట్టి లాగింది.

ఆ కూత మోతుకుపేట ఎప్పుడూ వినలేదు. హాల్లో ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. తర్వాత “అచ్చింది!” అని నర్సన్న గారే అరిచారు. పట్టణ ప్రథమ పౌరుడు కాబట్టి ప్రథమంగా ఆయనే బయటపడ్డారు. ఒక చెప్పు మెట్ల మీదే ఉండిపోయింది. కారు ఊరవతలి గుట్ట వైపు దూసుకుపోయింది. వెనక కౌన్సిలర్ల బండ్లు, ఆ వెనక బామ్మర్ది గారి ట్రాక్టరు. ప్రకాశ్ గారు ఎవరిదో స్కూటీ వెనక కూర్చుని, “సార్, కుంటలో నీళ్లు…” అని ఏదో ఆలోచించబోయారు. టైం దొరకలేదు. బీచ్ వాచ్‌మన్ గేటు తెరిచి పెట్టి, టికెట్ల డబ్బా చంకన పెట్టుకుని పరుగెత్తాడు.

సలహాదారుగా సమావేశానికి వచ్చిన జలపతి మెట్లు దిగి రోడ్డు మీదికి వచ్చాడు. తలెత్తి, ఊరి చివర ఇళ్ల మీదుగా కనబడే స్తంభం మీద కోతిని చూశాడు. ఫోను జేబులోంచి తీశాడు. ‘కోతి సార్’ అని ఒక్క మాట చెబితే అందరూ వెనక్కి వస్తారు. గేటు మూస్తారు. తీర్మానం పాసవుతుంది. ఫోనును అలాగే పట్టుకుని బీచ్ వైపు నడిచాడు.

గేటు బార్లా తెరిచి ఉంది. అతనికంటే ముందే అక్కడ రాధ ఉంది, రూతమ్మ ఉంది, నడుం వంగిన రాజవ్వ ఉంది, ఆ పదిమందీ ఉన్నారు. ఎవరు ఎవరిని పిలిచారో తెలియదు. సైరన్ కూత వినగానే ఊరంతా ఒక దిక్కు ఉరికింది, వీళ్లు ఇంకో దిక్కు నడిచారు, అంతే. పారలతో ఇసుకను కంచె దాకా నెడుతున్నారు. గంపలతో మోస్తున్నారు. ఇసుక కింద నల్లమట్టి చల్లగానే ఉంది. బయటపడ్డ మడుల్లో రాజవ్వ కొంగు ముడిలోని బెండ గింజలు వేస్తోంది. రాధ మోకాళ్ల మీద కూర్చుని ఆ మట్టిని చేత్తో పట్టి చూస్తోంది. కళ్లు తుడుచుకుంటే మొహానికి మట్టి అంటింది.

జలపతి అటూ ఇటూ చూశాడు. కొబ్బరి చెట్లకని వేసిన నీళ్ల పైపు కంచె పక్కన చుట్టలు చుట్టి పడి ఉంది. వెళ్లి నల్లా తిప్పాడు. పైపు చివర బొటనవేలితో నొక్కి పట్టి, విత్తనం కొట్టుకుపోకుండా, మట్టి గుంత పడకుండా సన్నగా జల్లు పట్టాడు. చేతులు ఆ పనిని మరిచిపోలేదు. రాధ తలెత్తి చూసింది. పక్కకు జరిగి అతనికి చోటిచ్చింది.

ఫోను మోగింది.

“జలపతీ! ఎక్కడున్నవ్?” చైర్మన్ గారి గొంతు వెనక గుట్ట మీది గాలి హోరుమంటోంది.

“బీచ్ కాడ సార్.”

“అయ్యో, అక్కడ్నే ఉన్నవా! నీళ్లు ఎక్కడి దాక అచ్చినయ్?”

జలపతి కిందికి చూసుకున్నాడు. మడి నిండి నీళ్లు అతని కాళ్ల మీది నుంచి పారుతున్నాయి.

“మడిమల మీదికి అచ్చినయ్ సార్.”

“పెరుగుతున్నయా?”

“గిటు పెట్టు తమ్మీ, గీడ ఇంక తడువలే,” అంటూ రూతమ్మ పైపును తన మడి వైపు లాగింది.

“పెరుగుతున్నయ్ సార్,” అన్నాడు జలపతి. “నేను చెప్పేదాక దిగకుండ్రి.”

“మరి జనం?”

“జనం నీళ్లల్లనే ఉన్నరు సార్.”

నర్సన్న గారి గొంతు గంభీరమైపోయింది. “ధైర్యంగ ఉండుమను. చైర్మన్ గుట్ట మీదికెల్లి పరిస్థితి సమీక్షిస్తున్నడని అందరికి చెప్పు.”

జలపతి ఆ మాటను పొల్లు పోకుండా అందరికీ చెప్పాడు. ఎవరూ పని ఆపలేదు. రాధ వంచిన నడుం ఎత్తకుండానే అంది:

“ఎన్ని దినాలు సమీక్షిస్తడో అడుగు. బెండ మొలవనీకి వారం పడుతది.”